పక్క తోట కుక్కలు గొర్రెల మంద మీద పడుతున్నాయి: ముందు ఏం చేయాలి?

పాలమూరు_మంద:
అందరికీ నమస్తే. నావి 60 నెల్లూరు జోడిపి జాతి గొర్రెలు, అందులో 20 దాకా సూడివి (కడుపుతో ఉన్నవి). రాత్రి దొడ్డికి చుట్టూ సర్కారు తుమ్మ కంప, లోపల నైలాన్ వల. పక్క మామిడి తోటలో కాపలాకని మూడు కుక్కలు ఉన్నాయి, చీకటి పడగానే గొలుసు విప్పుతారు. ఊరి కుక్కలు రెండు మూడు వాటితో కలుస్తున్నాయి. ఈ రోజు తెల్లవారుజామున రెండు గొర్రెపిల్లలు చచ్చాయి, ఐదింటికి గాయాలు. తోట ఆయన "మా కుక్కలు కావు" అంటున్నాడు. వైద్యం, కంచె, పంచాయితీ మూడూ ముందున్నాయి. ఏది మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పశువైద్యం_కర్నూలు:
మొదట గాయాలు. పైకి కనిపించే ఐదే కాదు, మొత్తం 60నీ ఒక్కొక్కటిగా పట్టి చూడాలి. కుక్క కోర దిగిన చోట పైన చిన్న రంధ్రమే ఉంటుంది, లోపల కండ నలిగిపోయి ఉంటుంది. కంటితో చూస్తే దొరకదు, బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి వెతకాలి. రక్తం ఎండి బొచ్చు ముద్దకట్టిన చోట ఆగండి. చర్మం నొక్కితే లోపల గరగరమంటే కింద గాలి చేరిందని అర్థం. మెడ, వెనక తొడలు, డొక్క, చెవులు, పొదుగు తప్పకుండా చూడండి.

చేతికి గ్లౌజులు వేసుకోకుండా ముట్టుకోవద్దు. గాయంలో కుక్క చొంగ ఉంటుంది, మీ చేతి మీద చిన్న గీత ఉన్నా అది చాలు.

చుట్టూ బొచ్చు రెండు వేళ్ల వెడల్పు కత్తిరించండి. ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. రేబీస్ విషయంలో మన చేతిలో ఉన్న మందుల్లో మొదటిది ఇదే, రెండు చెంబులు పోసి వదిలేస్తే లాభం లేదు. తర్వాత లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి, సూది తీసిన సిరంజీతో రంధ్రం లోపలికి కొట్టండి. ఆపైన పోవిడోన్ అయోడిన్. పసుపు, కారం, బూడిద, సున్నం ఏదీ గాయంలో కూరవద్దు. కుట్లు వేయమని బలవంతం చేయవద్దు. కుక్కకాటును మూసి కుడితే చీము లోపలే నిలుస్తుంది.

1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, రెండు రాష్ట్రాల్లోనూ ఇదే నంబరు. డాక్టరు గారిని నాలుగు అడగండి: ధనుర్వాతం సూది, యాంటీబయాటిక్, నొప్పికి మెలాక్సికాం, రేబీస్ టీకా. నొప్పికి డైక్లోఫెనాక్ ఇవ్వనివ్వవద్దు. చచ్చిన పశువును తిన్న రాబందుల ప్రాణం తీస్తోందని 2006లోనే పశువులకు నిషేధించారు.

కరిచిన జీవానికి రేబీస్ టీకా 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. కరిచిన రోజే సున్నా రోజు. మూడో సూదికి మేత మేస్తోంది కదా అని ఆపేయడమే ఎక్కువగా జరిగే తప్పు. కరిచిన కుక్క దొరికితే 10 రోజులు గమనించండి. ఆ పది రోజులూ అది ఆరోగ్యంగా ఉంటే మిగతా సూదులు వేయాలో లేదో డాక్టరు గారు నిర్ణయిస్తారు.

జీవాల_అక్క:
తమ్ముడూ, సూడి గొర్రెలను ఈ రోజే వేరుచేయి. ఒక్క గాటు లేకపోయినా తరిమిన భయానికే ఈచుకుపోతాయి (కడుపు పోతుంది), అదీ ఆ రోజే కాదు, వారం పది రోజుల దాకా. నీడ, నీళ్లు, రోజూ తినే మేతే పెట్టు. పాపమని కొత్తగా దాణా పోస్తే కడుపు ఉబ్బుతుంది. వారం పాటు నట్టల మందు, దూరం తోలడం ఏవీ వద్దు.

గాయం లేని గొర్రె మర్నాడు పొద్దున చచ్చి కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. మూలకు చేరి ఒకదాని మీద ఒకటి పడి నలిగి ఉంటుంది.

ఈగల కాలం కాబట్టి పొద్దున సాయంత్రం గాయం వాసన చూడు. కుళ్లు వాసన వస్తే పురుగు పడ్డట్టే. దూదికి టర్పెంటైన్ నాలుగు చుక్కలు వేసి గాయంలో పెట్టి, పురుగులు పైకి రాగానే చిమటాతో తీసి, మళ్లీ కడిగి, అంచుల చుట్టూ వేపనూనె రాయి. టర్పెంటైన్ దూదిని లోపలే వదిలేస్తే కండ కాలుతుంది.

ఇంకొకటి: కరిచినవాటిని తక్కువ ధరకు కసాయికి ఇచ్చేయవద్దు. కోసేవాడి చేతికి ప్రమాదం. పాలు తాగే అలవాటుంటే కరిచినవాటి పాలు ఈ నెలంతా పక్కన పెట్టు, పచ్చిపాలైతే అసలే వద్దు.

వకీలు_నల్లగొండ:
చచ్చిన పిల్లలను ఇంకా పాతిపెట్టకపోతే ఆగండి. పాతాక ఏ కాగితమూ పుట్టదు.

ఫొటోలు మూడు రకాలుగా తీయండి: దూరం నుంచి దొడ్డి మొత్తం కనిపించేలా, దగ్గర నుంచి గాయం పక్కన స్కేలు పెట్టి, కంపలో కుక్కలు దూరిన సందు, అక్కడ చిక్కుకున్న వెంట్రుకలతో సహా. ఫోనులో తేదీ, సమయం, స్థలం నమోదయ్యే సెట్టింగు ముందే ఆన్ చేయాలి. పశువైద్యాధికారితో పోస్టుమార్టం చేయించి నివేదిక తీసుకోండి. అందులో "కుక్కల దాడి వల్ల" అన్న మాట ఉండాలి, ఉత్త "గాయాల వల్ల" అని ఉంటే అవతలివాళ్లకు సందు దొరుకుతుంది. సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి, చుట్టుపక్కల ఇద్దరు రైతుల సంతకాలతో ఒక పంచనామా రాయించండి.

బీమా ఉంటే ఈ రోజే తెలియజేయండి. చెవి ట్యాగు లేని జీవానికి క్లెయిము రాదు, ట్యాగు ఊడితే డాక్టరు గారు రాసివ్వాలి. బీమా లేకపోతే మిగిలినవాటికైనా చేయించండి. జాతీయ పశుగణ మిషన్ కింద 2024 నుంచి రైతు వాటా ప్రీమియంలో 15 శాతమే.

అడవంచు_ఆదిలాబాద్:
కుక్కలే అని ముందు రూఢి చేసుకోండి, ఎందుకంటే దారి మారిపోతుంది. చిరుతైతే నష్టపరిహారం అటవీ శాఖ ఇస్తుంది. కుక్కలకు ఆ శాఖ నుంచి రూపాయి రాదు.

చిరుత గొంతు పడుతుంది, ఒకటి రెండింటినే చంపి ఈడ్చుకుపోతుంది. తోడేలు పిల్లను నోట కరుచుకుని పోతుంది, దొడ్డిలో మిగిలేది తక్కువ. కుక్కల దాడిలో గాయపడినవి ఎక్కువ, తిన్నది తక్కువ. తొడలు, చెవులు, డొక్కలు చీల్చి అక్కడే వదిలేసి ఇంకోదాని వెంట పడతాయి. అడుగు చూడండి: కుక్క అడుగులో గోళ్ల గుర్తు ముందుకు పడుతుంది, చిరుత నడకలో గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి పడదు. మెత్తటి మన్ను లేకపోతే దొడ్డి చుట్టూ మూడడుగుల వెడల్పు జల్లించిన మట్టి పరచండి, సాయంత్రం చీపురుతో చదును చేయండి. పొద్దున ఎన్ని వచ్చాయి, ఎటు నుంచి వచ్చాయి, ఎటు పోయాయి అన్నీ అందులో రాసి ఉంటాయి. అడుగులు మామిడి తోట కంచె దాకా పోతే "మా కుక్కలు కావు" అన్న మాటకు జవాబు దొరికినట్టే. సిమ్ కార్డు, సోలార్ పలకతో పనిచేసే కెమెరా ఒకటి ఆ దారి మీదికి తిప్పితే ఇంకా గట్టి సాక్ష్యం.

కడీల_మేస్త్రి:
కంప, నైలాన్ వల కుక్కను ఆపవు. కంప కింద ఎండాకాలంలో జానెడు సందు పడుతుంది, తల పట్టిందంటే ఒళ్లంతా పడుతుంది. వల ఇంకా ప్రమాదం. కుక్క కొరికితే తెగుతుంది, బెదిరిన గొర్రె కాళ్లు దానిలో చుట్టుకుని అక్కడే దొరికిపోతుంది. దారి మీద రాత్రి మంద కట్టేవాళ్లకు వల తప్పదు. స్థిరమైన దొడ్డికి అనవసరం.

60 జీవాలకు ఒక్కోదానికి 12 చదరపు అడుగుల లెక్కన 720, అంటే 24 × 30 అడుగులు. చుట్టుకొలత 108 అడుగులు. 8 అడుగులకు ఒక కడీ (రాతి స్తంభం) అనుకుంటే 14, గేటుకు గట్టివి ఇంకో రెండు. 7 అడుగుల కడీ తీసుకుని రెండడుగులు పాతండి. నల్లరేగడి అయితే రెండున్నర అడుగుల గుంత తీసి కాంక్రీటు పోయాలి, లేదంటే రేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి, కడీ ఒరిగి దానికి కట్టిన ఇనుప జాలీ వదులవుతుంది. నాలుగు మూలల కడీలకు రెండు వైపులా ఆనుడు రాయి తప్పనిసరి. ఆనుడు లేకపోతే జాలీ లాగిన బరువుకే మూల లోపలికి వంగుతుంది.

జాలీ 12 గేజి, 2 అంగుళాల కన్ను, 5 అడుగుల ఎత్తు. 4 అంగుళాల కన్ను చవకే, పిల్లలు తల దూర్చి ఇరుక్కుంటాయి, కుక్క బయటి నుంచే చెవి, మూతి చీలుస్తుంది. పైన, నడుమ, అడుగున మూడు వరసల 10 గేజి జీఐ (జింకు పూత ఇనుప) తీగ లాగి, టర్న్‌బకిల్‌తో బిగించి, జాలీని వాటికి కట్టాలి.

ఇక అసలు సంగతి అడుగు భాగం. కుక్క ఎగిరి దూకడం తక్కువ, తవ్వి దూరడం ఎక్కువ. చాలామంది జాలీని నిలువుగా అడుగు లోతు పాతుతారు. దానికన్నా రెండడుగుల వెడల్పు జాలీ పట్టీని నేల మీద బయటి వైపుకు పరచి, నిలువు జాలీ అడుగుకు జానెడుకొక చోట బైండింగు వైరుతో కట్టి, మీద రాళ్లు, మట్టి కప్పడం మేలు. కుక్క కంచె మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, గోరు జాలీకి తగిలి ఆగుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. రేగడి నెర్రెలిచ్చినా కింద సందు కనపడదు.

దొడ్డి_బేతంచెర్ల:
మేస్త్రి గారు చెప్పిన జాలీకి లోపలి వైపు నాపరాళ్లు నిలబెట్టండి. మూడడుగుల పలకను అర అడుగు పాతితే రెండున్నర అడుగులు పైకి ఉంటుంది. గొర్రె కంటికి కుక్క కనపడదు. కనపడకపోతే బెదరదు, బెదరకపోతే మూలకు పరుగెత్తదు. కుక్క బయట ఉండగానే లోపల తొక్కిసలాటలో గొర్రెలు చస్తున్నాయి, చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు. నాలుగు మూలలనూ లోపల నాలుగడుగుల తడకతో ఏటవాలుగా కోసేయండి. మంద మూలలో ఇరుక్కోకుండా గుండ్రంగా తిరుగుతుంది.

గేటు కింద ఎంత సందు ఉంటుందో కొలిచి చూడండి. రెండు అంగుళాలు దాటకూడదు. గేటు కింద నేల రోజూ తొక్కుడుకు అరుగుతుంది కాబట్టి అక్కడ ఒక రాతి గడప వేయాలి.

సోలార్_అనంత:
జాలీకి డబ్బు చాలకపోతే సోలార్ కంచె. కుక్కకు తీగలు నేల నుంచి 6, 12, 20, 32 అంగుళాల ఎత్తున. మొదటిది 6 దాటితే కింద నుంచి పాక్కుంటూ వచ్చేస్తుంది. చివరి కడీ దగ్గర టెస్టరు పెట్టి చూస్తే 4 కిలోవోల్టులకు తగ్గకూడదు. తగ్గిందంటే రెండు కారణాలే: గడ్డి తీగకు తగలడం, ఎర్త్ ఎండిపోవడం. ఆరడుగుల ఎర్త్ రాడ్లు మూడు, ఒక్కోదానికి పదడుగుల దూరం. మన దగ్గర ఏప్రిల్, మేలో నేల ఎండి ఎర్త్ పనిచేయదు. రాడ్ల చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి వారానికోసారి నీళ్లు పోయండి. లేదంటే ఒక తీగ కరెంటు, ఒక తీగ ఎర్త్ అని వరస మార్చి కట్టండి. కుక్క రెండింటినీ ఒకేసారి తాకితే నేలతో పని లేదు.

పొలం_పని:
అన్నా, ఇంత ఖర్చు ఎందుకు? మోటారు లైను నుంచి ఒక తీగ లాగితే రాత్రికి సరిపోదా?

సోలార్_అనంత:
వద్దు తమ్ముడూ, ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. సోలార్ యంత్రం సెకనుకోసారి క్షణకాలం మాత్రమే దెబ్బ వదులుతుంది, తాకినవాడు వెనక్కి గుంజుకునే టైము ఉంటుంది. మోటారు లైను నిలకడగా పారుతుంది, పట్టుకున్న చెయ్యి వదలదు. అడవి పందులకని పెట్టిన అలాంటి తీగలకు మన రెండు రాష్ట్రాల్లో ఎందరో రైతులు, కూలీలు, పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పెట్టినవాళ్లు జైలుకు పోయారు. రాత్రి పొలానికి నీళ్లు పెట్టడానికి వచ్చేది మన ఊరివాళ్లే.

కొండకింద_రైతు:
గుళికల మందు మాంసంలో పెట్టి పడేస్తే ఒక్క రాత్రిలో తేలిపోతుంది కదా.

వకీలు_నల్లగొండ:
అది నేరం. ఇంకొకరి కుక్కనైనా, ఊరకుక్కనైనా చంపితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. ఇప్పటిదాకా నష్టపోయినవారు మీరు, ఆ రాత్రి నుంచి ముద్దాయి మీరే అవుతారు.

పశువైద్యం_కర్నూలు:
పైగా ఆ ముక్కను కుక్క ఎక్కడికైనా మోసుకుపోతుంది, కక్కుతుంది. మీ మంద కుక్క, కాకి, గద్ద, ఆడుకునే పిల్లవాడు ఎవరైనా ముట్టుకోవచ్చు. చచ్చిన ఊరకుక్కల చోటికి పక్క ఊరి కుక్కలు వస్తాయి, వాటికి టీకా ఉందో లేదో ఎవరికీ తెలియదు.

వకీలు_నల్లగొండ:
చట్టపరంగా ఏం చేయవచ్చో వరసగా చెబుతాను. పోలీసులు "ఇది సివిల్ వ్యవహారం" అని పంపేయడం మామూలే, దానికి కారణం ఉంది. న్యాయ సంహిత 291 జంతువును నిర్లక్ష్యంగా వదిలేయడం గురించే, ఆరు నెలల జైలు లేదా 5,000 వరకు జరిమానా. కానీ అది మనిషి ప్రాణానికి, తీవ్ర గాయానికి ప్రమాదం ఉన్నప్పుడే. గొర్రెలు చచ్చాయని మాత్రమే రాస్తే ఆ సెక్షన్ అతకదు. కుక్కలు కాపరి మీదికో, ఊరి చిన్నపిల్లల మీదికో వచ్చి ఉంటే ఆ సంగతి తేదీతో ఫిర్యాదులో రాయాలి. జరగనిది రాయవద్దు.

ఎక్కువమందికి తెలియని దారి ఇంకొకటి ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152 (పాత సీఆర్‌పీసీ 133). ప్రమాదకరమైన జంతువును కట్టడి చేయమని యజమానికి షరతుతో ఆదేశం ఇచ్చే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. అర్జీ ఆర్డీవో గారికి ఇవ్వండి. ఎదుటి పక్షంగా కుక్కల యజమాని పేరు, సర్వే నంబరు, దాడి జరిగిన తేదీలు, పోస్టుమార్టం నివేదిక, పంచనామా, ఫొటోలు జతచేసి, రసీదు తీసుకోండి.

నష్టం డబ్బు కోసమైతే కోర్టుకన్నా ముందు మండల న్యాయ సేవల కమిటీలో అర్జీ. ఫీజు లేదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, మాట తప్పితే అమలు చేయించుకోవచ్చు. పెద్దమనుషుల పంచాయితీలో నోటిమాటగా ఒప్పుకున్నది వచ్చే దాడికి నిలబడదు.

జీవాల_అక్క:
ధర ఎలా లెక్కకట్టాలి వకీలు గారూ? చచ్చింది పిల్ల కదా అని వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తారు.

వకీలు_నల్లగొండ:
దగ్గరి సంతలో ఆ వారం అదే వయసు, అదే జాతి జీవం అమ్ముడైన ధర రాయించండి, ఇద్దరు వ్యాపారుల సంతకాలతో. తెలంగాణ గొర్రెల పంపిణీలో 2021లో 21 జీవాల యూనిట్ 1,75,000 అయింది, అంటే రవాణా, బీమా లాంటివి కలిపి తలకు 8,333. అది పెద్ద జీవాల లెక్క, ఇప్పటి సంత ధర కాదు. అయినా వెయ్యి దగ్గర మొదలైన మాటను పైకి లాగడానికి పనికొస్తుంది. చచ్చినవాటి ధరతో ఆగవద్దు. టీకాల బిల్లులు, ఈచుకుపోయిన సూళ్లు, కాపలాకు పెట్టిన మనిషి కూలీ అన్నీ వేరువేరుగా రాయండి.

తోట_కాపలా:
అవతలి వైపు మాట కూడా ఒకటి చెప్పాలి. తోటకు కుక్క కావాలి, దొంగల భయం నిజమే. అతనితో "కుక్కలను తీసేయి" అంటే మాట అక్కడే తెగిపోతుంది. "తోటలోనే తిరిగేలా కట్టు" అంటే వినే వీలుంది.

రెండు చెట్ల మధ్య 40 అడుగుల జీఐ తీగ ఆరడుగుల ఎత్తున లాగి, దానికి కడియం వేసి, కడియానికి గొలుసు. నేల మీద కుక్క పడుకునేంత పొడవుండాలి, అంతకు మించి వద్దు. గొలుసుకు తిరుగుడు కొక్కెం లేకపోతే మెలికపడి మెడ బిగుస్తుంది. చెట్టుకు గొలుసు పొడవు కన్నా ఎక్కువ దూరంలోనే తీగ మీద ఒక క్లాంపు బిగించాలి, కడియం అక్కడ ఆగుతుంది, కుక్క చెట్టు చుట్టూ చుట్టుకోదు. దారి వైపు ఒకటి, బోరు వైపు ఒకటి పెడితే కాపలాకు లోటు రాదు. పొట్టి గొలుసుతో రోజంతా కట్టేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం, పైగా అలాంటి కుక్క వదలగానే మరింత కసిగా పడుతుంది.

ఎడ్లకు గుదికర్ర కట్టినట్టు కుక్క మెడకు దుంగ కట్టేవాళ్లున్నారు. కంచెలో తట్టుకుని ఉరిపడుతుంది, అది వద్దు.

మగకుక్కలకు ఆపరేషన్ చేయిస్తే తిరుగుడు తగ్గుతుంది. అయితే వేట రుచి మరిగిన కుక్కకు ఆపరేషన్ ఒక్కటే మందు కాదు, కట్టడి కూడా ఉండాలి. ప్రతి ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు, ఆ రోజు మూడు కుక్కలనూ తీసుకెళ్లమని అడగండి. వీలైతే ఆటో ఖర్చు మీరే పెట్టుకోండి, టీకా పడితే మీ మందకే మేలు.

అడవంచు_ఆదిలాబాద్:
ఊరకుక్కల సంగతి వేరు. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వాటిని పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. ఆ బాధ్యత స్థానిక సంస్థది, అంటే పంచాయతీది. గ్రామసభలో తీర్మానం రాయించండి. ఊరవతల వదిలేసి వస్తే పక్క ఊరికి మన బెడద పంపినట్టే.

అవి గుంపు కట్టడానికి కారణం తిండి. చికెన్ సెంటరు వ్యర్థాలు, కోళ్ల ఫారంలో చచ్చిన కోళ్లు చెరువు కట్ట మీద పడుతున్నాయా చూడండి. పచ్చిమాంసం దొరికే చోట కుక్కలు ఎప్పుడూ గుంపుగానే ఉంటాయి. ఆ వ్యర్థాలను పాతించండి: ఐదడుగుల గుంత, పొరపొరకూ సున్నం, మీద రెండడుగుల మట్టి. అలాగే ఈనిన గొర్రె మాయను దొడ్డి పక్కన పారేయవద్దు, మూడడుగుల లోతున పాతండి. ఆ వాసనకు కుక్క ఎంత దూరం నుంచైనా వస్తుంది.

చిత్త కార్తె వస్తోంది. అక్టోబరు నడిమి నుంచి ఎదకొచ్చిన ఆడకుక్క వెంట పదేసి కుక్కలు తిరుగుతాయి. తోట కుక్కలు గొలుసు తెంచుకునేది ఆ రోజుల్లోనే, కాబట్టి కంచె అప్పటిలోగా పూర్తికావాలి.

మంద_కుక్క:
కాపలా కుక్కను పెంచాలనుకుంటే 8 వారాల పిల్లను తెచ్చి దొడ్డిలోనే, గొర్రెపిల్లల పక్కన పెంచాలి. 16 వారాల దాకా దానికి ఆటా తిండీ గొర్రెల మధ్యే. ఇంట్లో పిల్లలతో పెరిగితే మనుషుల వెంట పోతుంది, మందను వదిలేస్తుంది. ఏడాదిన్నర దాకా దాన్ని నమ్మి రాత్రి వదిలిపెట్టవద్దు, ఆటగా తరిమి గొర్రెపిల్లను చంపే వయసది. గుంపుకు ఒక్క కుక్క చాలదు, కనీసం రెండు. మెడకు ముళ్ల పట్టీ. ఈ సీజనుకు పనికొచ్చే మందు మాత్రం కాదు.

పగలు మేతలో కుక్కలు ఎదురైతే మందను పరుగెత్తించవద్దు. పరుగే కుక్కను రెచ్చగొడుతుంది. గొర్రెలను దగ్గరికి పిలిచి ముద్దగా నిలబెట్టి, కాపరి కుక్కల వైపు తిరిగి నిలబడాలి. వడిసెల ఉంటే కుక్క ముందు నేలకు రాయి కొట్టండి.

పాలమూరు_మంద:
అందరికీ దండాలు. డాక్టరు గారు వచ్చి వెళ్లారు. ఐదు కాదు, తొమ్మిదింటికి గాట్లు దొరికాయి, నాలుగు బొచ్చు కిందే ఉన్నాయి. సున్నా రోజు టీకా అన్నింటికీ పడింది. పోస్టుమార్టం కాగితంలో "కుక్కల దాడి వల్ల" అని రాయించాను. జాలీ రావడానికి నాలుగు రోజులు పడుతుందట. ఈ నాలుగు రాత్రులు ఎలా?

దొడ్డి_బేతంచెర్ల:
పిల్లలను, సూడివాటిని, గాయపడినవాటిని ఇంటి పక్క కొట్టంలో పెట్టి తలుపు వేయండి. మిగతావాటికి దొడ్డిని సగానికి కుదించండి, కంప చాలని చోటే సందు పడుతుంది కాబట్టి చిన్న చుట్టుకు రెండు వరసలు వస్తుంది. కంప మొదలు లోపలికి, కొనలు బయటికి ఉండేలా పేర్చి, అడుగున బండలు ఆనించండి. నైలాన్ వల ఈ రాత్రే విప్పేయండి.

కడీల_మేస్త్రి:
లైటు పెడితే గొర్రెల మీద పడకుండా బయటికి తిప్పండి, రెండు రోజులకోసారి చోటు మార్చండి. ఒకే చోట ఉంటే మూడో రాత్రికి కుక్కలు అలవాటు పడతాయి. వాటి రాక తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య అయితే మనిషి నిద్ర మేల్కొని ఉండాల్సింది ఆ రెండు గంటలే.

పశువైద్యం_కర్నూలు:
తొమ్మిదింటికీ కొమ్ముకో, వీపుకో రంగు గుర్తు వేయండి. మూడో రోజు, ఏడో రోజు సూదికి మందలో ఏది ఏదో వెతకాల్సి వస్తుంది. గాయాలు కడిగినవాళ్ల చేతుల మీద గీతలుంటే వాళ్లు ఈ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి, రేపటికి ఆపవద్దు.